చెప్పి వెళ్ళే దారి

మొదటి తలుపు మూసింది. టక్. రెండోది మూసింది. టక్. మూడోది మూసేసరికి కొత్త కోడలికి నవ్వు ఆగలేదు. అది తమ ఇంటి ఉత్తరాల పెట్టె. మిగతా రెండిటిలాగే అదీ టక్ అనే అంది గానీ, ఆమె చెవికి మాత్రం ఆ టక్‌లో ఏదో అదనపు సొగసు వినిపించింది.

“ఎన్నిసార్లు మూస్తావోయ్? ఉత్తరం రాకముందే బందులు అరిగిపోయేలా ఉన్నాయి,” అన్నాడు మొగుడు, వెల్డింగు అద్దాన్ని నుదుటి మీదికి నెట్టి.

“అరిగితే మళ్ళీ చేస్తారు. వెల్డర్ని కట్టుకున్నది ఎందుకు మరి?”

అతను నవ్వి మళ్ళీ వంగాడు. స్టాండు కాలి దగ్గర అతుకు మీద పేరుకున్న నల్లటి పెచ్చును చిన్న సుత్తితో కొట్టి రాల్చాడు. పెచ్చు ఊడిన చోట చేపపొలుసుల్లా వరసగా సర్దుకున్న ఇనుము మెరిసింది. దాని మీద బొటనవేలితో రాసి చూసుకుని, ఎవరూ చూడటం లేదనుకుని, కొంచెం తల ఎగరేశాడు. ఆమె చూసింది. పెళ్ళయిన ఈ కొద్దికాలంలో ఆమె పోగుచేసుకున్న చిన్న చిన్న సంపదల్లో అతని ఆ తల ఎగరేత ఒకటి.

పేర్లు రాసే పని ఆమెది. రక్తపరీక్షల ల్యాబులో పొద్దస్తమానం గాజు గొట్టాల మీద సన్నటి అక్షరాలు రాసే చెయ్యి అది. తెల్ల రంగులో కుంచె ముంచి, ఊపిరి బిగబట్టి, మొదటి పెట్టె మీద సందు మొదటింటి పెద్దమ్మ పేరు రాసింది. రెండోదాని మీద పక్కింటి డ్రైవరు మామయ్య పేరు. మూడోదాని మీద అత్తగారి పేరు, దాని కింద మొగుడి పేరు రాశాక కుంచె ఆగిపోయింది.

“ఆగావేం?” అంది వెనకనుంచి అత్తగారు. “నీది పోస్ట్‌మన్ వచ్చి రాస్తాడా?”

ఆమె తన పేరు రాసింది. అత్తగారు దగ్గరికొచ్చి, మెడలో వేలాడే కొలత టేపును వెనక్కి తోసుకుని, మూడు పేర్లూ చదివింది.

“చివరిది కాస్త పెద్దదిగా పడింది,” అంది. కోడలు నాలిక కరుచుకుంటే, “పడనీలే,” అని మళ్ళీ కుట్టుమిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇన్నాళ్ళూ ఎవరి గుమ్మానికి వాళ్ళ ఉత్తరాలు వచ్చేవి. ఇకనుంచి పోస్ట్‌మన్ సందు లోపలికి రాడనీ, మూడిళ్ళకీ కలిపి సందు మొదట్లో ఒకే చోట పెట్టెలు పెట్టుకోవాలనీ పోస్టాఫీసు నుంచి కబురొచ్చింది. ఎక్కడ పెట్టాలో వార్డు ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి గుర్తు వేస్తుందట. ఆవిడ వచ్చేలోపే స్టాండు తయారుచేసి నిలబెట్టాలని మొగుడు ఉబలాటపడ్డాడు. ఆదివారం పూట ఇంటి పక్క వెల్డింగు షెడ్డు తెరిచింది అందుకే.

రంగు ఆరాక ఇద్దరూ చెరో వైపు పట్టుకుని స్టాండును సందులోకి మోశారు. ఆమె చెప్పులు కొత్తవి. మొగుడు కొనిచ్చినవి. అడుగు తీసి అడుగు వేస్తే కీచుమంటాయి. నాలుగడుగులకోసారి ఇద్దరూ నవ్వుతూ ఆగిపోవడంతో స్టాండు అటూ ఇటూ ఊగుతోంది.

“ఆ కీచు కొత్త కోడలిదే కదూ,” అంది పెద్దమ్మ వరండాలోంచి.

సందు మొదట్లో ఉన్నది పెద్దమ్మ ఇల్లు. ఆ ఇంటి వరండాకీ, అవతల గోడౌను గోడకీ మధ్య సందు. సందు దాటితే చిన్న వాకిలి, వాకిట్లో డ్రైవరు మామయ్య ఇల్లు, వీళ్ళ ఇల్లు. సందు కింది నేల పెద్దమ్మది, పైన నడక అందరిదీ. ఆ ఇళ్ళు కట్టిన నాటినుంచీ అంతే. పెద్దమ్మ ఒకప్పుడు టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసింది. ఇప్పుడు కళ్ళ ముందు ఎప్పుడూ పల్చటి పొగ ఉన్నట్టే ఉంటుందట, మనుషుల్ని గొంతుతోనే గుర్తుపడుతుంది. ఒళ్ళో చిన్న రేడియో, దాని తిప్పుడు మీట మీద రెండు వేళ్ళు. ఇంకా ఎక్స్ఛేంజీలో లైను కోసం వెతుకుతున్నట్టే ఉంటుంది ఆ కూర్చోవడం.

ఆ రోజు ఆమె పక్కన తమ్ముడున్నాడు. ప్లీడరు. కారు తాళంచెవిని వేలికి తగిలించి తిప్పుతున్నాడు.

“ఎక్కడికి తీసుకొస్తున్నారు దాన్ని?” అన్నాడు.

“ఇక్కడే, గోడవార. పెట్టెల స్టాండండి,” అన్నాడు మొగుడు, బరువు దింపి నడుం నిటారు చేసుకుంటూ.

“పెట్టుకోండి బాబూ. కాదనేదెవరు? కాకపోతే మా అక్కని ఒక్కమాట అడిగి పెట్టుకోండి.”

ఆ మాట మర్యాదగానే వినిపించింది. కొత్త కోడలు అడగడానికి నోరు కూడా తెరిచింది. అంతలో వెనకనుంచి అత్తగారు వచ్చింది. చేతిలో సగం కాజా కుట్టిన చొక్కా, పళ్ళ మధ్య దారం పోగు. పోగు తీసి అంది:

“అడగడం దేనికండీ? మా దారిలో మేం పెట్టుకుంటున్నాం.”

“మీ దారి ఎలా అవుతుందమ్మా?” ప్లీడరు నవ్వాడు. “రోజూ మా అక్క దగ్గర పర్మిషన్ తీసుకునే కదా నడుస్తున్నారు? పొద్దున ‘పెద్దమ్మా, వెళ్తున్నా’. సాయంత్రం ‘పెద్దమ్మా, వచ్చా’. ఈ వీధిలో ఎవర్ని అడిగినా చెప్తారు. అడిగి నడిచే దారి మీద హక్కుండదమ్మా. ఇచ్చినన్నాళ్ళూ ఇస్తారు. ఇవ్వనన్న రోజున మీరు గోడౌను వెనకనుంచి తిరిగి వెళ్ళాలి. ఈ నేలలో రేపు నేను కారు షెడ్డు వేసుకున్నా అడిగేవాడు లేడు.”

గోడౌను వెనక దారంటే మురుగుకాలవ గట్టు. మనిషి పక్కకి తిరిగి నడవాలి. మొగుడు షెడ్డుకి తెచ్చే ఇనప కమ్మీలు ఆ మలుపు తిరగవు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు ఆ గట్టు చూసి వెనక్కి పోతారు. కొత్త కోడలికి ఇదంతా ఒక్క క్షణంలో అర్థమైంది. కానీ అత్తగారి మొహంలో కనిపించింది ఆ లెక్క కాదు. సందులోకి కాపురానికొచ్చిన నాడు మొదలుపెట్టిన ఒక మర్యాదని ఎవరో తీసి తన మెడకే చుట్టినట్టుంది ఆ మొహం.

అత్తగారు పెద్దమ్మ వైపు చూసింది. “మీరూ అంతే అంటారా పెద్దమ్మా?”

పెద్దమ్మ వేళ్ళు రేడియో మీటను కొంచెం తిప్పాయి. ఎవరో ఎక్కడో వాతావరణం గురించి చెబుతున్నారు.

“స్టాండు వెనక్కి తీసుకురండి,” అంది అత్తగారు.

*

“ఇవాళ్టినుంచీ ఈ వాకిట్లో ఎవరూ సందులో నోరు విప్పడానికి వీల్లేదు,” అని తీర్పు చెప్పింది అత్తగారు ఆ సాయంత్రం, మిషను చక్రం మీద చెయ్యి పెట్టి. “వెళ్తున్నా లేదు, వచ్చా లేదు. నడుస్తాం. అంతే.”

డ్రైవరు మామయ్య గుమ్మంలో నిలబడి బుర్ర గోక్కున్నాడు. “మరి దగ్గొస్తే చెల్లెమ్మా?”

“దగ్గు పర్మిషన్ కిందకి రాదు.”

“తుమ్ము?”

“అన్నయ్యా, నీకు నవ్వులాటగా ఉంది. రేపు నీ బస్సు డ్యూటీకి కాలవ గట్టు మీంచి పోవాల్సొస్తే తెలుస్తుంది.”

మామయ్య నవ్వు మానేశాడు. మొగుడు స్టాండును షెడ్డు మూల గోడకి ఆనించి, దాని మీద గోనెపట్టా కప్పాడు. తెల్లగా రాసిన పేర్లు పట్టా కిందికి పోయేదాకా కొత్త కోడలు చూస్తూ నిలబడింది.

సోమవారం పొద్దున ఆమెకి తెలిసొచ్చింది, నోరు మూసుకుని నడవడం ఎంత కష్టమో. ల్యాబుకి బయల్దేరి సందులోకి అడుగుపెట్టగానే ‘పెద్దమ్మా’ అన్న మాట దానంతటదే నాలిక చివరికి వచ్చి కూర్చుంది. మింగింది. వరండా దాటేలోపు మళ్ళీ వచ్చింది. మళ్ళీ మింగింది. ఆమె వెనకే డ్రైవరు మామయ్య, ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, పరీక్ష హాల్లో పిల్లాడిలా పెదాలు బిగించి నడిచాడు. వీధిలోకి రాగానే ఇద్దరూ ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలారు.

“నీళ్ళలో మునిగి లేచినట్టుందమ్మాయ్,” అన్నాడు మామయ్య.

“నాకు పొట్ట నిండిపోయింది మామయ్యా, మింగిన మాటలతో.”

సాయంత్రం అత్తగారూ తనూ కలిసి వచ్చారు. బజార్లో కొన్న లైనింగు గుడ్డ మూట కోడలి చేతిలో, పదును పెట్టించిన పెద్ద కత్తెర అత్తగారి సంచిలో. అప్పుడే మూల తిరిగి సందులోకి వచ్చారో లేదో, వరండాలోంచి వినిపించింది.

“ఎవరూ?”

పెద్దమ్మ కుర్చీలో ముందుకి వంగి ఉంది. రేడియో ఆపేసి ఉంది. మొహం వాళ్ళ వైపే తిరిగి ఉంది గానీ, చూపు వాళ్ళని తాకకుండా గోడౌను గోడ మీద ఆగింది.

“ఎవరది? ఎవరో నిలబడ్డారు. ఎవరూ?”

ఎక్స్ఛేంజీలో అన్నేళ్ళు ఎవరెవరినో పలకరించిన గొంతు. అంత చిన్నదైపోవడం కొత్త కోడలు మొదటిసారి వింది. చేయి చాచి అత్తగారి మోచెయ్యి పట్టుకుంది. అత్తగారు కదల్లేదు. దవడ మాత్రం బిగుసుకుని ఉంది. ‘మేమే’ అంటే చాలు. ఆ రెండక్షరాలే రావడం లేదు ఆ నోట్లోంచి.

అప్పుడు అత్తగారు సంచిలో చెయ్యి పెట్టి కత్తెర తీసింది. గాల్లోకి ఎత్తి, ఏ గుడ్డా లేకుండా, రెండుసార్లు కత్తిరించింది. కరక్. కరక్.

పెద్దమ్మ భుజాలు కొద్దిగా కిందికి దిగాయి. కుర్చీలో వెనక్కి వాలింది. వేళ్ళు రేడియో వెతుక్కున్నాయి.

ఇద్దరూ సందు దాటారు. వాకిట్లోకి వచ్చాక కోడలు ఆగలేకపోయింది.

“అత్తయ్యా, ఇందాక అదేంటి?”

“ఏది? కత్తెర బిగుసుకుంది. వదులు చేశా,” అంది అత్తగారు, తలుపు తాళం తీస్తూ.

మంగళవారం పొద్దున డ్రైవరు మామయ్య వరండా ముందు తాళాల గుత్తి ఆడించుకుంటూ నడిచాడు. ఎందుకని అడిగితే జేబు చిరిగిందన్నాడు. మొగుడు కమ్మీలు మోసుకొస్తూ వాటిని గోడౌను గోడకి ఒకసారి టంగుమని తగిలించాడు. చెయ్యి జారిందన్నాడు. ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు. కొత్త కోడలికి వీళ్ళని చూస్తే నవ్వూ వచ్చింది, ఎందుకో కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. ఇంత బెట్టు ఉన్న మనుషుల మధ్యకి వచ్చిపడ్డానా అనుకుంది. ఆ అనుకోవడంలో ఫిర్యాదేమీ లేదు, గర్వమే ఉంది.

ఆ సాయంత్రం మొగుడు నూనె డబ్బా పట్టుకుని ఆమె చెప్పుల దగ్గర కూర్చున్నాడు.

“ఇలా ఇవ్వు. ఈ కీచు ఆపేస్తా.”

ఆమె చెప్పులు లాక్కుంది. “వద్దు. నాకున్నది ఇదొక్కటే.”

అతను అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. డబ్బా మూత పెట్టేసి, తల ఎగరేశాడు.

*

బుధవారం వార్డు ఆఫీసు ఆవిడ వచ్చింది. తలకి టోపీ, చేతిలో ఇనప టేపు, చిన్న డబ్బాలో సున్నం. ఆవిడ రాకముందే ప్లీడరు వచ్చి కారును సందు మూతికి అడ్డంగా ఆపాడు. దాని పక్కనుంచి దూరి రావడానికి ఆవిడ టోపీ తీయాల్సొచ్చింది.

“ముందు ఈ బండి తీయించండి,” అంది లోపలికొచ్చి. “సరే. పెట్టెలు ఎక్కడ?”

“వీధిలో, రోడ్డుకి అవతల పెట్టండి,” అన్నాడు ప్లీడరు. “ఇక్కడ కావాలంటే మా అక్క గోడకి బిగించుకోమన్నాం, అడిగి. అడగరట. ఇన్నాళ్ళూ రోజూ అడిగే నడిచారు, ఇప్పుడు పౌరుషం వచ్చింది.”

“మేం ఎప్పుడూ అడగలేదు,” అంది అత్తగారు. గడ్డం ఇంకాస్త పైకెత్తింది.

కొత్త కోడలు రాత్రంతా మనసులో వాదన కూర్చుకుని వచ్చింది. మర్యాదకీ అనుమతికీ తేడా, అలవాటుకీ ఒప్పందానికీ తేడా, అన్నీ వరసగా. నోరు తెరవబోతే వార్డు ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“నేల ఎవరిది?”

“నాది,” అంది పెద్దమ్మ.

“అయితే మీరే చెప్పండమ్మా. వీళ్ళు మిమ్మల్ని అడిగే నడుస్తారా?”

ప్లీడరు తాళంచెవి తిప్పడం ఆపాడు. డ్రైవరు మామయ్య డ్యూటీ టోపీని రెండు చేతుల్తో నలిపేస్తున్నాడు. దారి పోవడానికి ఒక్క ‘అవును’ చాలు. మొగుడి వేళ్ళు కొత్త కోడలి వేళ్ళని వెతుక్కుని పట్టుకున్నాయి. వాటి మీద నిప్పురవ్వలు పడిన చిన్న చిన్న మచ్చలు ఆమె అరచేతికి తెలిశాయి.

పెద్దమ్మ రేడియో ఆపింది. దాన్ని పక్కన బల్ల మీద పెట్టి, చీర కుచ్చిళ్ళు సవరించుకుని, లేచి నిలబడింది. ఎక్స్ఛేంజీలో పెద్ద అధికారి వచ్చినప్పుడు లేచినట్టు.

“వీళ్ళా? అడగడమా?” అంది. “ఆ కుట్టుమిషను మనిషి ఉంది చూశారూ, ఇన్నేళ్ళలో ఒక సూది అడిగిందా నన్ను? చచ్చినా అడగదు. అంత పొగరు.”

అత్తగారు తల తిప్పి ఆమెకేసి చూసింది.

“అక్కా, నీకు తెలీదు, నువ్వుండు...” అన్నాడు ప్లీడరు.

“నీకు తెలుసా? ఈ కుర్చీలో నువ్వు కూర్చున్నావా, నేను కూర్చున్నానా?” పెద్దమ్మ వార్డు ఆవిడ గొంతు వచ్చిన వైపు తిరిగింది. “అమ్మా, నేను లైన్లు కలిపేదాన్ని. ఎవరికి ఎవరు కావాలో నాకు చెప్పేవాళ్ళు. కలిపేదాన్ని. చెప్పారే గానీ, మాట్లాడుకోవచ్చా అని నన్నెవరూ అడగలేదు. అడగడానికి లైను నాదా? నా ముందునుంచి పోయేది, అంతే. ఇదీ అంతే. వీళ్ళు చెప్పేవాళ్ళు. నేను వినేదాన్ని.” అత్తగారున్న వైపు మొహం తిప్పింది. “ఆదివారం నాడే అనాల్సింది. అనలేదు. నాకూ కాస్త పొగరుంది.”

వార్డు ఆవిడ సున్నం డబ్బా మూత తీసింది. “అయితే మీ గోడకే బిగించమంటారా?”

“వద్దు. నా గోడకి పెడితే నేనేదో ఇచ్చినట్టుంటుంది. అవతల, గోడౌను వైపు పెట్టండి. దారి మీదే.”

సున్నపు గీత పడింది. ప్లీడరు ఏదో అనబోయి, అక్క మొహం చూసి, “నీ ఇష్టం. రేపు నాతో అనకు,” అని కారెక్కాడు. కారు వెనక్కి పోతుంటే డ్రైవరు మామయ్య ఆగలేక, “ఎడమకి, ఇంకా ఎడమకి, రానివ్వండి సార్, రానివ్వండి,” అని చేతులూపుతూ సాగనంపాడు.

మొగుడు గడ్డపార తెచ్చి గుంటలు తవ్వాడు. స్టాండును గుంటల్లో నిలబెట్టి, ఎత్తు ఎంత ఉంచాలని తల్లి వైపు చూశాడు. అత్తగారు మెడలోంచి టేపు తీసింది. వరండా మెట్టెక్కి పెద్దమ్మ ముందు నిలబడింది. ఆదివారం నుంచీ పెద్దమ్మకి ఆమె ఇంత దగ్గరగా రావడం ఇదే మొదటిసారి.

“చెయ్యి ఇలా చాపండి.”

“ఎందుకు?”

“ఎంత ఎత్తుంటే మీకు అందుతుందో కొలవాలి.”

“నన్ను అడుగుతున్నావా?”

“లేదు. చెప్తున్నా,” అంది అత్తగారు.

పెద్దమ్మ చెయ్యి చాపింది. అత్తగారు రవికకి కొలత తీసినట్టే, నేల మీద టేపు అంచును బొటనవేలితో తొక్కిపెట్టి, మోచేతి దాకా లాగి, అక్కడ వేలితో పట్టుకుని, ఆ వేలు కదలకుండా స్టాండు దాకా నడిచింది. “ఇక్కడికి మొదటి పెట్టె రావాలి,” అంది కొడుకుతో. అతను గుంటలు ఇంకొంచెం లోతు చేశాడు. సిమెంటు పోశాక ఏదో గుర్తొచ్చి, షెడ్డులోంచి వెల్డింగు తీగ లాక్కొచ్చి, పెద్దమ్మ పెట్టె తలుపు అంచున వేలికి తగిలేలా ఒక ఇనుపబొట్టు పెట్టాడు. నిప్పురవ్వలు గుప్పున లేచి సందంతా ఒక్కసారి తెల్లబడింది. పెద్దమ్మ మొహం తిప్పుకోలేదు.

“అబ్బ, ఇది కనిపించింది నాకు,” అంది.

బొట్టు చుట్టూ కాలిపోయిన రంగును కొత్త కోడలు తెల్లకుంచెతో దిద్దింది. తమ పెట్టె మీద కాస్త పెద్దదిగా పడిన తన పేరును మాత్రం దిద్దలేదు.

*

మర్నాడు ల్యాబుకి సెలవు. కొత్త కోడలు వాకిట్లో తడి బట్టలు దండెం మీద వేస్తోంది. లోపల మిషను ఆగి ఆగి నడుస్తోంది. అత్తగారు కాలరు కుడుతున్నట్టుంది. సందు మొదట్లో సైకిలు గంట మోగింది. ఒక పెట్టె తలుపు తెరుచుకుని మూసుకుంది. టక్. గంట మళ్ళీ మోగి వీధిలోకి వెళ్ళిపోయింది.

కోడలు చేతిలో పిండుతున్న బట్ట అలాగే ఆగింది. ఆ టక్ తమది కాదు. తమ టక్ ఆమెకి తెలుసు. మొదటిదే అది, పెద్దమ్మది.

ఆమె కీచుకీచుమంటూ సందు చివరిదాకా వచ్చి చూసింది. పెద్దమ్మ వరండా మెట్టు మీద నిలబడి ఉంది. ఒక చెయ్యి స్తంభం మీద. పెట్టెలు దారికి అవతల. మధ్యలో సందు. తన నేలే. అయినా పెద్దమ్మ పాదం కింద పెట్టకుండా ఆగింది. గొంతు సవరించుకుంది. ఎక్స్ఛేంజీలో అటు చివరిదాకా వినపడాల్సిన రోజుల్లో ఉన్నంత గొంతుతో, వాకిలి వైపు తిరిగి కేకేసింది.

“అమ్మాయిలూ! దారి దాటుతున్నానర్రా!”

లోపల మిషను టక్కున ఆగింది. కొత్త కోడలికి పరిగెత్తి చెయ్యందించాలనిపించింది. అందించలేదు. ఆ నిటారు వెన్నుకి ఎవరి చెయ్యీ అక్కర్లేదని తెలిసి, ఉన్నచోటే నిలబడింది.

కిటికీలోంచి అత్తగారి గొంతు వచ్చింది, దారం పోగు ఇంకా పళ్ళ మధ్యే ఉన్నట్టు.

“రండి పెద్దమ్మా!”

పెద్దమ్మ దారి దాటింది. వేళ్ళు పెట్టెల మీద ఒకసారి పాకి, ఇనుపబొట్టును పట్టుకున్నాయి.